దుకాణంలో చేతివాటం: నిజంగా ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల పనేనా?

మీ ప్రశ్న ఇది. నల్గొండ దేవరకొండ రోడ్డులో మీకు చిన్న మార్ట్ ఉంది. రెండు నెలలుగా స్టాక్‌లో తేడా వస్తోంది. పోయిన వారం ఒకామె పిల్లల పాలపొడి డబ్బా కొంగు చాటున పెట్టుకుని వెళ్తుంటే మీ స్టాఫ్ పట్టుకున్నారు. నెలన్నరగా కూలి దొరకలేదని ఆమె ఏడ్చింది. మీ మేనేజర్ "ఇవన్నీ నాటకాలు సార్, ఫోటో తీసి గోడకు అంటిద్దాం" అన్నాడు. మీ బావమరిదేమో "ఊళ్లలో పైసలు ఆడటం లేదు, ఇక దొంగతనాలు ఇట్లాగే పెరుగుతాయి" అన్నాడు. ఎవరి మాట నిజం, ఆమె విషయంలో ఏం చేయాలి అని అడిగారు.

నేను కిరాణం గల్లా దగ్గర మొదలై, సూపర్ మార్కెట్లలో మేనేజర్‌గా చేసి, ఇప్పుడు నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దుకాణాలకు స్టాక్ ఆడిట్ చేస్తుంటాను. నా లెక్కలో ఇద్దరి మాటా సగమే. డబ్బు ఇబ్బందికీ చేతివాటానికీ సంబంధం ఉన్న మాట వాస్తవం. అయితే ఎప్పటినుంచో పేదగా ఉన్న ఇంటి నుంచి కాదు, ఉన్నట్టుండి రాబడి ఆగిపోయి, అప్పు పుట్టే దారి కూడా మూసుకుపోయిన ఇంటి నుంచి అది వస్తుంది. మీ స్టాక్ తేడాలో అలాంటి ఇళ్ల వాటా మీ బావమరిది అనుకున్నంత పెద్దది కూడా కాదు.

పేదరికం ఒక్కటే మనిషిని దొంగను చేసేదైతే పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ వైపు, ఏ దుకాణమూ నిలిచేది కాదు. కరువు వచ్చిన ప్రతిసారీ అక్కడి జనం మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి, పూణె వెళ్లారు. డ్యాముల కింద మట్టి మోశారు, బిల్డింగుల కింద పునాదులు తవ్వారు. ముసలివాళ్లూ పిల్లలూ ఊళ్లో ఉండి, కిరాణం సేటు దగ్గర ఉద్దెర పెట్టుకుని తిన్నారు. కొడుకు పంపిన పైసలు రాగానే ఖాతా కొట్టేయించారు. నల్గొండలోనూ చందంపేట తండాల నుంచి హైదరాబాద్ అడ్డా మీద నిలబడటానికి వెళ్లినవాళ్ల కథ ఇదే. ఆకలి అంతకు ముందూ ఉంది, అయినా దుకాణం మీద చెయ్యి వేయలేదు. ఎందుకంటే సేటు నోట్‌బుక్‌లో ఇంకో పేజీ ఉండేది.

ఈ విషయం బయట దేశాల లెక్కల్లో కూడా తేలింది. 19వ శతాబ్దపు జర్మనీలో, బవేరియా ప్రాంతంలో, వానలు చెడి రై ధాన్యం ధర పెరిగిన ఏళ్లలో దొంగతనాలు పెరిగాయి. తమాషా ఏమిటంటే అవే ఏళ్లలో కొట్లాట కేసులు తగ్గాయి. ధాన్యంతో పాటు బీరు ధర కూడా పెరిగి జనం తాగడం తగ్గిందని పరిశోధకులు దానికి కారణం చెప్పారు. ఇంకో ఉదాహరణ మన కాలానిది, అమెరికాలో చికాగోది. అక్కడ పేదలకు ప్రభుత్వం ఆహారం కొనుక్కునే సాయం ఇస్తుంది. 2010 దాకా అది చాలామందికి నెల మొదట్లోనే పడేది. ఆ ఏడాది నుంచి ఒక్కొక్కరికి ఒక్కో తేదీన పడేలా నెలంతా పరిచారు. ఇచ్చే మొత్తం పెరగలేదు, మనుషులు మారలేదు. కిరాణా దుకాణాల్లో దొంగతనాలు మాత్రం ఐదో వంతు దాకా తగ్గాయి. అంతకు ముందు అందరి డబ్బూ ఒకేసారి అయిపోయి, నెలాఖరు రోజులు అందరికీ ఒకేసారి వచ్చేవి. అసలు సమస్య ఆ ఖాళీ రోజులదే.

మన దగ్గర ఆ ఖాళీ రోజులు ఎప్పుడొస్తాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నాట్లు, కలుపు అయిపోయాక కూలి దొరకని వారాలు. పత్తి తీతకు ముందు రోజులు. సెంటర్లో వడ్లు కాంటా అయి డబ్బు ఖాతాలో పడని రోజులు. బడులు తెరిచే జూన్. ఇవి పాత ఖాళీలే, వీటికి ఉద్దెర అనే మందు ఉండేది. కొత్తగా వచ్చినవి వేరు. ఫోన్ ఈఎంఐ తేదీన ఖాతాలో ఉన్నది ఉన్నట్టు కట్ అయిపోతుంది. వారం వారం గ్రూపు మీటింగ్‌లో మైక్రో ఫైనాన్స్ కిస్తీ కట్టాలి. ఈ అప్పుల కంపెనీలను కట్టడి చేస్తూ 2010లో ఉమ్మడి రాష్ట్ర చట్టం వచ్చాక వాటి జోరు తగ్గింది. అయితే రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. గ్రూపు అప్పులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు ఇంటి ముందుకు వస్తారు. అందుకే ఆడవాళ్లు ముందు కిస్తీ కట్టేస్తారు, తర్వాతే ఇంట్లో నూనె సంగతి చూసుకుంటారు. పరువు పోతుందనే టెన్షన్ ఆకలి కన్నా ముందుంటుంది.

ఇక మన మార్ట్‌ల సంగతి. కిరాణంలో సరుకు కౌంటర్ వెనక ఉండేది, అడిగితే ఇచ్చేవాళ్లు, లేకపోతే రాసుకునేవాళ్లు. మార్ట్‌లో సరుకు చేతికందేలా పెడతాం, ఎవరూ పలకరించరు, ఉద్దెర మాటే ఉండదు. అంటే తీసుకోవడం సులువు చేశాం, అడగడం కష్టం చేశాం. దీన్ని తప్పు పట్టడం లేదు, ఇదే పద్ధతిలో నేనూ దుకాణాలు నడిపాను. కానీ ఖాళీ రోజుల్లో ఉన్న మనిషి ఈ రెండు దుకాణాల్లో ఒకేలా ప్రవర్తించదు.

ఇప్పుడు మీ స్టాక్ దగ్గరికి వద్దాం. ఎవరు తీస్తున్నారో తెలియాలంటే ఏం పోతోందో చూడాలి. ఇబ్బందిలో ఉన్నవాళ్లు తీసేవి పాలపొడి, లీటర్ నూనె ప్యాకెట్, బట్టల సబ్బు, శానిటరీ ప్యాడ్లు. ఒకటే తీస్తారు, రెండోది ముట్టుకోరు. చాలాసార్లు మిగతా సరుకులకు బిల్లు కట్టి ఆ ఒక్కటి దాస్తారు. బియ్యం దాదాపు పోదు. అది దాచడానికి వీలు కాదు, పైగా రేషన్‌లో మనిషికి 6 కిలోలు వస్తున్నాయి. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైన తర్వాత మన వైపు దుకాణాల్లో మామూలు బియ్యం అమ్మకమే తగ్గింది. రేషన్ షాపు అన్నం పెడుతుంది, కూరలోకి నూనె మాత్రం డబ్బు పెట్టి కొనాల్సిందే. పోయే సరుకు కూడా ఆ వరసలోనే ఉంటుంది.

జీడిపప్పు, బాదం, షేవింగ్ బ్లేడ్ల ప్యాకెట్లు, నెయ్యి, డియోడరెంట్, పెద్ద చాక్లెట్లు పోతుంటే మాత్రం కష్టాల కథ పక్కన పెట్టండి. దొంగలు ఎక్కువగా కోరుకునే సరుకు ఎలా ఉంటుందో రొనాల్డ్ క్లార్క్ అనే నేరశాస్త్ర నిపుణుడు 1999లో వివరించాడు. దాచడానికి వీలుండాలి, తీయడం తేలిక కావాలి, ఖరీదుండాలి, ముఖ్యంగా మళ్లీ అమ్ముడుపోవాలి. బాదం ప్యాకెట్‌కు ఈ గుణాలన్నీ ఉన్నాయి. పది ప్యాకెట్లు ఒకేసారి పోయాయంటే అది ఎవరింట్లోనో తినడానికి పోలేదు. బట్టల షాపుల్లో దసరా ముందు, పెళ్లిళ్ల సీజన్లో ఇదే ఇంకో రూపంలో జరుగుతుంది. నలుగురైదుగురు కలిసి వస్తారు, ఇద్దరు చీరలు పరిపించి బేరమాడతారు, ఒకరు పిల్లను ఏడిపిస్తారు, ఇంకొకరి చేతిలో చీరల కట్ట మాయమవుతుంది. వాళ్లకు అది పని. దానికి పేదరికం అని పేరు పెడితే నిజంగా పేదగా ఉన్నవాళ్లను అవమానించినట్టే.

డబ్బున్నవాళ్లు చేయరనుకోకండి. అమెరికాలో 43 వేల మందికి పైగా పెద్దవాళ్లను ఇంటర్వ్యూ చేసిన ఒక సర్వే ఫలితాలు 2008లో వచ్చాయి. జీవితంలో ఎప్పుడో ఒకసారి దుకాణంలో దొంగతనం చేశామని సుమారు 11 శాతం మంది ఒప్పుకున్నారు. ఏడాదికి 70 వేల డాలర్లకు పైగా రాబడి ఉన్న కుటుంబాల్లోనూ, కాలేజీ చదువు చదివినవాళ్లలోనూ ఆ వాటా ఎక్కువగా కనిపించింది. మన దగ్గర కూడా కారు దిగి వచ్చి, ట్రాలీ నిండా కొని, లిప్‌స్టిక్ పర్సులో వేసుకునేవాళ్లను సీసీ కెమెరాలో చూశాను. వాళ్లను ఆపడానికి సెక్యూరిటీ వాళ్లకు నోరు రాదు. పాత చీర కట్టుకున్న ఆమె వెనకాల మాత్రం దుకాణమంతా నడుస్తారు. మీ స్టాఫ్‌కు ఎవరు ఎక్కువగా దొరుకుతున్నారంటే, వాళ్లు ఎవరి మీద కన్నేశారో వాళ్లే. దొరికినవాళ్లను బట్టి దొంగలు పేదవాళ్లేనని తేల్చేస్తే అక్కడే లెక్క తప్పుతుంది.

క్లెప్టోమేనియా అనే జబ్బు గురించి చాలామంది అడుగుతారు కాబట్టి ఒక మాట. అవసరం లేని వస్తువును కూడా తీయకుండా ఉండలేకపోవడం దాని లక్షణం. జనాభాలో వెయ్యికి ముగ్గురి నుంచి ఆరుగురికి ఉంటుందని మానసిక వైద్యుల అంచనా. పాలపొడి కేసులో ఆ ఆలోచన అక్కర్లేదు.

ఇక మీ మేనేజర్ వినడానికి ఇష్టపడని మాట. నేను ఆడిట్ చేసే దుకాణాల్లో స్టాక్ తేడాకు మొదటి కారణంగా కస్టమర్ తేలడం తక్కువ. సరుకు దింపుకునేటప్పుడు అట్టపెట్టెలు విప్పి లెక్కపెట్టరు, ఇన్వాయిస్ చూసి సంతకం పెట్టేస్తారు. డేటు అయిపోయినవి తీసి పడేస్తారు, సిస్టంలో కొట్టరు. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అన్న ఆఫర్‌లో ఆ ఫ్రీ ముక్క ఎంట్రీ పడదు. పప్పులు బస్తా విప్పి ప్యాక్ చేసేటప్పుడు తరుగు పోతుంది. ఇవన్నీ తీసేశాక మిగిలిన తేడాలో కౌంటర్ దగ్గర జరిగేది ఒకటి ఉంటుంది. తెలిసినవాళ్లకు నాలుగు స్కాన్ చేసి ఆరు కవర్లో వేయడం. అలా చేసే పిల్లలు చెడ్డవాళ్లని అనను. చిన్న జీతం, రూమ్ అద్దె, ఇంటి దగ్గర అప్పు మిత్తి. మీరు ఇబ్బందికీ దొంగతనానికీ సంబంధం వెతకాలంటే ముందు మీ సొంత స్టాఫ్‌లో వెతకండి. చాలా దుకాణాల్లో షార్టేజ్ వస్తే అందరి జీతాల్లో తలా కొంత కోస్తారు. ఏమీ తీయని పిల్లవాడు "ఎట్లాగూ కోస్తున్నారు కదా, తీసుకుంటే ఏమైంది" అని ఆలోచించడం అక్కడే మొదలవుతుంది. మీరు ఆ కోత పెడుతుంటే ఈ నెలే ఆపండి. దాని బదులు, అవసరానికి జీతంలో అడ్వాన్సు అడిగే వీలు ఇవ్వండి, అడిగినవాళ్లను అందరి ముందు నిలదీయకండి.

ఫోటో గోడకు అంటించే ఆలోచన మానుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 303(2) సెక్షన్ చదివించుకోండి. దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు ఉంది. కానీ సరుకు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మనిషికి అది మొదటిసారి అయి, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే పడే శిక్ష సామాజిక సేవ. ఇంత చిన్న కేసులో మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయరు, వారెంట్ లేకుండా అరెస్టు చేయరు. సరుకు దాచే భవనంలో దొంగతనానికి 305 సెక్షన్ వేరే ఉంది, దానికి ఏడేళ్ల దాకా శిక్ష. పాలపొడి డబ్బా కోసం ఆ సెక్షన్ పట్టుకుని తిరిగితే లాయర్ ఫీజుకు అలాంటి డబ్బాలు చాలా వస్తాయి.

మీ వైపు ఉన్న ప్రమాదం కూడా చూసుకోండి. మామూలు మనిషి ఇంకొకరిని పట్టుకునే అధికారం పెద్ద నేరాలకే ఉంది, అప్పుడు కూడా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. చిన్న దొంగతనానికి గోడౌన్ గదిలో కూర్చోబెట్టి గొళ్లెం పెడితే అక్రమ నిర్బంధం మీ మీద పడుతుంది. ఆడమనిషి ఒంటిని, సంచిని మగ స్టాఫ్ తడమడం అసలే కుదరదు. "పట్టుబడితే పది రెట్లు కట్టాలి" అని కొందరు బోర్డు పెడతారు. ఆ బోర్డుకు చట్టం బలం లేదు, పోలీసులను పిలుస్తామని బెదిరించి ఆ డబ్బు తీసుకుంటే అది బెదిరింపు వసూలు కిందికి వెళ్తుంది. ఫోటో గోడకు అంటించినా, వాట్సాప్ గ్రూపులో పెట్టినా పరువు నష్టం. కోపంలో కులం పేరుతో తిట్టి, ఆమె ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయితే, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు మీ మీదే అవుతుంది. మన తండాల సంగతి తెలిసి కూడా స్టాఫ్ నోరు జారుతుంటారు, ఈ ఒక్క విషయం వాళ్లకు గట్టిగా చెప్పండి. దొరికింది పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే కొట్టడం, కట్టేయడం మాట దేవుడెరుగు, స్టేషన్‌కు కూడా మామూలుగా పంపకూడదు. తల్లిదండ్రులకు కబురు చేయండి, ఎవరూ లేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మరి ఆమె సంగతి. మళ్లీ దుకాణానికి వస్తే, మీ ఇంటి ఆడవాళ్లో లేడీ స్టాఫో పక్కకు పిలిచి, తలుపు తీసే ఉంచి, మాట్లాడాలి. "ఎందుకు తీశావమ్మా" అని అడిగితే ఏడుపు వస్తుంది. "పాప వయసెంత, అంగన్‌వాడీలో పేరు రాయించావా" అని అడగండి, జవాబు వస్తుంది. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలో బాలామృతం అనే పోషకాహారపు పొడి ఇస్తారు, నెలకు రెండున్నర కిలోలు. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్య లక్ష్మి పథకం కింద అక్కడే ఒక పూట భోజనం. కూలి కోసం ఊరు మారిన కుటుంబాలు చాలాసార్లు పాత ఊళ్లోనే పేరు ఉందని ఇక్కడ అడగరు. కానీ ఇక్కడి టీచర్‌ను అడగవచ్చు. ఇంట్లో భర్త సంపాదన మొత్తం తాగుడుకు పోతోందనో, కొడుతున్నాడనో తేలితే మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ చెప్పండి. కేసు దాకా వెళ్తే ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి, ఫోన్ 15100. ఇదంతా మీ పని కాదు కదా అంటారేమో. కాదు. కానీ ఒక కాగితం మీద ఈ మూడు నంబర్లు రాసి గల్లా దగ్గర పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు.

నిజం చెప్పే ఆమెనూ నాటకమాడే ఆమెనూ ఏడుపు చూసి వేరు చేయలేరు, ఆ ప్రయత్నం వద్దు. అదే మనిషి మళ్లీ పట్టుబడిందా, వేరే దుకాణాల్లోనూ తీసిందా, తీసినవి అమ్ముకునే సరుకేనా అన్నవి చూడండి. మొదటిసారి, ఒకటే వస్తువు, తిరిగి ఇచ్చేసింది అంటే వదిలేయడమే నా సలహా. రెండోసారి వస్తే పేరు, తేదీ రాసుకుని, దుకాణానికి రావద్దని మర్యాదగా చెప్పండి. బాదం ప్యాకెట్ల గుంపు దొరికితే సీసీ కెమెరా రికార్డింగ్ భద్రపరిచి నేరుగా స్టేషన్‌కు వెళ్లండి, అక్కడ జాలి అక్కర్లేదు.

దుకాణంలో మార్చాల్సినవి రెండే చెబుతాను. పాలపొడి డబ్బాలు గల్లా వెనక్కి మార్చండి. వాటికి డిస్కౌంట్ బోర్డు పెట్టడానికి పసిపిల్లల పాలపొడి ప్రచారాన్ని కట్టడి చేసే 1992 చట్టం ఎలాగూ ఒప్పుకోదు, అందరికీ కనిపించేలా పరచడంలో మీకు లాభమేమీ లేదు. రెండోది, నూనె, సబ్బు, పప్పుల చిన్న ప్యాకెట్లు ముందు వరుసలోకి తెండి. చేతిలో యాభై రూపాయలే ఉన్న మనిషి లీటర్ ప్యాకెట్ చూసి ఏం చేయాలో తెలియక నిలబడుతుంది, పావు లీటర్ కనిపిస్తే కొనుక్కుని పోతుంది. తెలిసిన ఇళ్లకు, మహిళా సంఘంలో ఎవరైనా పూచీ ఉంటే, వెయ్యి రూపాయలు దాటకుండా చిన్న ఖాతా పెట్టినా తప్పు లేదు. కొంత మునుగుతుంది. కానీ ఉద్దెరలో మునిగింది ఎవరి దగ్గర ఉందో నోట్‌బుక్‌లో పేరు ఉంటుంది, అరలోంచి పోయినదానికి అదీ ఉండదు.

ఈ రెండు నెలల తేడా మొత్తం ఎంత అన్నది కాకుండా, ఏ సరుకు, ఎన్ని ముక్కలు, ఏ వారం అన్న జాబితా తీసి ఇక్కడ పెట్టండి. డిస్ట్రిబ్యూటర్ ఇన్వాయిస్‌లు, డేటు అయిపోయి తీసేసిన సరుకు కూడా పక్కన రాయండి. అప్పుడు దొంగ కస్టమరా, కౌంటరా, కాగితమా అన్నది చూద్దాం.